గంటము, చాకు: మొలనున్న చిన్న అలుగు కథ

విజయనగరము పేరు చెప్పగానే మనకు పెద్ద కత్తులు జ్ఞప్తికి వచ్చును. 1757 జనవరి 24వ తేదీన బొబ్బిలి కోటకడ జరిగిన యుద్ధమును, 1794 జూలై 10వ తేదీన పద్మనాభము వద్ద రెండవ విజయరామరాజు నేలకొరిగిన యుద్ధమును పాఠశాల విద్యార్థులందరు చదువుకొన్నవారే. ఆ కత్తులు ఏ కొద్ది దినములలోనో ఒరలనుండి వెలువడి, మరల ఒరలలో చేరినవి. కాని అదే సీమలో ప్రతి దినము, ప్రతి గ్రామమునందు పనిచేసిన మరియొక అలుగు కలదు. దాని పొడవు జానెడు మించదు. అది కరణము మొలలో, రైతు రొండిన, కల్లుగీతకాని నడుమున, తాంబూలపు సంచిలో ఉండెడిది. దానిని గూర్చి కావ్యములు పుట్టలేదు. అయినను ఒక జాతియొక్క లోహవిజ్ఞానమును తెలిసికొనుటకు రాజుల ఖడ్గముకంటె ఈ చిన్న కత్తియే మంచి సాక్షి. ఏలయన, ఖడ్గమును చేయించుకొన్నవారు కొందరు. చిన్న కత్తిని వాడినవారు అందరు.

పేర్లే చెప్పు చరిత్ర

తెలుగులో కోయు పనిముట్లకు పేర్లు కొల్లలు. కత్తి, కొడవలి, కత్తిపీట, అడకత్తెర, మంగలికత్తి, గీతకత్తి మన ఇండ్లలోను వీధులలోను పుట్టిన మాటలు. చాకు అను మాట పారసీకమునుండి హిందూస్తానీ ద్వారా మనకు వచ్చినది. నేడు పిడిలోనికి మడచుకొనెడి చిన్న కత్తిని మనము సాధారణముగా చాకు అనుచున్నాము. అనగా మాట పరదేశముది, వస్తువు స్వదేశముది. మడతకత్తి భావము మాత్రము ఏ ఒక్క దేశమునకును చెందినది కాదు. ఆస్ట్రియా దేశమున హాల్‌స్టాట్ అనుచోట దొరకిన ఎముకపిడి మడతకత్తి క్రీస్తుకు పూర్వము ఇంచుమించు 500, 600 సంవత్సరముల నాటిదని పురావస్తు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. రోమనులును మడతకత్తులను వాడిరి.

చిన్న కత్తిని మోయుటకు మన ప్రజలు రెండు ఉపాయములు కనిపెట్టిరి. తోలుతోనో వెదురుతోనో ఒర చేసి మొలత్రాటికి కట్టుకొనుట ఒకటి. అలుగును పిడిలోనికే మడచుట రెండవది. ఉత్తర కోస్తా జిల్లాలలో తాటిచెట్లు మెండు. తాటికల్లు గీయుట వృత్తిగా గల యాత కులస్థులను గూర్చి 1909లో వెలువడిన థర్‌స్టన్ గ్రంథమున వ్రాయబడి యున్నది. గీతకత్తి ఎప్పుడును ఒరలోనిదే. చెట్టుపై నున్నవాడు ఒక చేతితోనే కత్తిని తీయవలెను, ఒక చేతితోనే పెట్టవలెను. మడతకత్తిని విప్పుటకు రెండు చేతులు కావలెను గదా! నేలపై కూర్చుండి పనిచేయువానికి ఆ చిక్కు లేదు. అట్టివారిలో ముఖ్యుడు వ్రాయసకాడు.

వ్రాతకు ముందు కోత

కాగితము చౌక కాకముందు మన గ్రామముల లెక్కలు, కుటుంబముల జాతకములు, పండితుల గ్రంథములు అన్నియు తాటియాకులపైననే యుండెడివి. తాటియాకుపై సిరా నడువదు. ఇనుపమొన గల గంటముతో ఆకుపై గీత గీయవలెను. తరువాత దీపపు మసిని నూనెతో కలిపి ఆకుపై రుద్ది తుడిచినచో, మసి గీతలలో నిలిచి అక్షరము నల్లగా కనిపించును. ఇది వ్రాయుట యనుటకంటె చెక్కుట యనుట యుక్తము.

ఆకు వ్రాతకు సిద్ధమగుటకు ముందు చాల పని యున్నది. లేత ఆకులను కోసి, నడిమి ఈనెను తీసివేసి, ఉడికించి, నీడన ఆరబెట్టి, నునుపు చేసి, అన్నింటిని ఒకే కొలతకు కత్తిరించి, త్రాడు దూర్చుటకు రంధ్రము చేయవలెను. ఈనె తీయుటకు కత్తి, అంచులు సరిచేయుటకు కత్తి, వ్రాయుటకు గంటము. కనుక గంటము, కత్తి అన్నదమ్ములవలె ఎప్పుడును కలసియే యుండెను. దక్షిణ భారతమున వాడిన గంటములలో కొన్నింటికి ఒక కొన వాడిగాను, రెండవ కొన చదునైన అలుగుగాను ఉండును. మరికొన్నింట ఒకే పిడిలోనికి ఒక ప్రక్క గంటము, మరియొక ప్రక్క చిన్న కత్తి మడుగును. మలబారులో నారాయమును, దానికి తోడు కత్తిని వ్రాయసకాండ్రు మొలలో ధరించెడివారు. కొడగు ప్రాంతమున మొలకు పెట్టుకొను పీచెకత్తి ఒరకు చెవిపుల్ల, పట్టుకారువంటి చిన్న పరికరములు గొలుసుతో వ్రేలాడును. నేడు స్విట్జర్లండు దేశపు బహుళోపయోగపు చాకును చూచి మనము ఆశ్చర్యపడుచున్నాము. అచ్చటి కార్ల్ ఎల్సెనర్ తన కర్మశాలను స్థాపించినది 1884లో. సైనికులకు చాకులను సరఫరా చేయ మొదలిడినది 1891లో. ఒక పిడిలో పెక్కు పనిముట్లు అను భావము మన వ్రాయసకాండ్రకు అంతకుముందే అలవాటైనది.

మొన మరీ వాడియైనచో ఆకు చినుగును. మొద్దుబారినచో గీత పడదు. తెలుగు, ఒడియా లిపులు గుండ్రముగా ఉండుటకు ఈ గంటమే కారణమని పలువురు పండితులు చెప్పుదురు. ఆకు నారలు నిలువుగా సాగును. వాటి వెంబడి పొడవైన సరళరేఖ గీచినచో ఆకు చీలును. వంపు గీత చీల్చదు. వాదము అందముగా ఉన్నది. కాని విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. తమిళులును గంటముతోనే తాటియాకులపై వ్రాసిరి. వారి లిపిలో నిలువు గీతలు, అడ్డు గీతలు కావలసినన్ని యున్నవి. కనుక గంటము ఒక కారణము కావచ్చును గాని ఏకైక కారణమనరాదు. ఒక్క పనిముట్టును చూచి సమస్తమును వివరింపబూనుట చరిత్రలోను, విజ్ఞానమునందును పొరపాటే.

1802లో ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తు నిర్ణయము జరిగినపుడే కరణముల విధులను నిర్ణయించుచు 29వ రెగ్యులేషను వెలువడినది. విజయనగర సంస్థానమువంటి జమీందారీలలో ఏ పొలమెవరిదో, ఎంత శిస్తో, ఏ చెరువు నీరు ఎవరికో చెప్పగలవాడు కరణము. అతని ఎడమచేతి బొటనవ్రేలి గోటికి చిన్న గంటు ఉండెడిది. గంటమును ఆ గంటుపై ఆనించి, కుడిచేతితో నడుపుచు వ్రాసెడివాడు. గంటము కాగితపుకలముకంటె మన్నికైనది. తండ్రినుండి కొడుకునకు సంక్రమించును. విజయదశమినాడు క్షత్రియుల ఖడ్గములతో, వడ్రంగుల బాడిసెలతో పాటు గంటములకును పూజ జరిగెడిది. విజయనగరము కోటకు 1713లో శంకుస్థాపన జరిగినది విజయదశమినాడే యని ప్రసిద్ధి.

ఉక్కు ఎచ్చటిది?

ఈ చిన్న అలుగులకు లోహము ఎచ్చటనుండి వచ్చెను? ఇనుప రాతిని బొగ్గుతో కలిపి, మట్టి కొలిమిలో తిత్తులతో గాలి ఊది కరగించు విద్య తెలుగుదేశమున పెక్కుచోట్ల ఉండెను. నూజివీడు సమీపమున రమణక్కపేట యందలి ఇనుప కొలుములను చూచి బెంజమిన్ హైన్ అను శాస్త్రజ్ఞుడు వ్రాసిన వృత్తాంతము 1814లో ప్రచురితమైన అతని గ్రంథమున కలదు. ఇట్టి కొలిమిలో ఇనుము ద్రవముగా కరగదు. చిట్టెముతో కలిసిన మెత్తని ముద్దగా దిగును. దానిని వేడివేడిగా సమ్మెటలతో కొట్టి చిట్టెమును వెలికి తీయుదురు. అట్లు వచ్చిన ఇనుములో కర్బనము బహు స్వల్పము. అది వంగును గాని అంచు నిలువదు.

అంచు నిలుచుటకు ఉక్కు కావలెను. నూటికి ఒక పాలు కర్బనము చేరుటతోనే ఇనుము స్వభావము మారిపోవును. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఈ విద్యకు పేరుపొందిన గ్రామము. అచ్చట ఇనుమును మట్టి మూసలలో బంధించి, దీర్ఘకాలము కాచి, ఉక్కు ముద్దలుగా తీసెడివారు. వాటిని కొనుటకు పారసీక వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారు. లాంబ్టన్ ఆధ్వర్యమున జరిగిన భూమికొలతలో వైద్యుడుగాను, భూగర్భ శాస్త్రజ్ఞుడుగాను పనిచేసిన వాయ్సీ ఈ పరిశ్రమను చూచి వ్రాసిన వివరణ, అతని మరణానంతరము 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. 2010లో బెంగుళూరు నందలి జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండులోని ఎక్సెటరు విశ్వవిద్యాలయము కలసి ఉత్తర తెలంగాణములో గ్రామ గ్రామమున తిరిగి పాత కొలుముల జాడలను నమోదు చేసినవి.

తెలుగు, కన్నడ భాషలలోని ఉక్కు అను మాటయే ఆంగ్లములో వూట్జ్ అయినదని పండితుల అభిప్రాయము. 1795లో జార్జి పియర్సన్ అను శాస్త్రజ్ఞుడు లండను రాయల్ సొసైటీలో ఈ ఉక్కును గూర్చి ఒక వ్యాసము చదివెను. అందు మన కథకు సంబంధించిన ముచ్చట ఒకటి యున్నది. ఆ ఉక్కును పరీక్షింపదలచి, జేమ్సు స్టోడార్టు అను నిపుణుడైన కత్తులపనివానిచేత చేయించిన వస్తువు ఖడ్గము కాదు; కలములు చెక్కుకొనెడి చిన్న చాకు! దాని అంచు మేలైన ఉక్కు చాకుల అంచుతో సరితూగినదని పియర్సన్ వ్రాసెను. స్టోడార్టు పిమ్మట మైకేల్ ఫారడేతో కలసి ఉక్కు మిశ్రమములపై ప్రయోగములు చేసి 1820, 1822 సంవత్సరములలో ప్రకటించెను. విద్యుచ్ఛాస్త్ర పితామహుడని మనము పూజించు ఫారడే తొలి పరిశోధనలలో మన ఉక్కుకును చోటున్నదన్నమాట.

పదును అనగా నేమి?

తెలుగులో పదును అను మాటకు మూడు అర్థములున్నవి. అంచు వాడిమి పదును. లోహమునకు కాకతోను నీటితోను కల్పించు గుణము పదును. వాన పడిన పిదప దున్నుటకు తగినట్లుండెడి నేల తడి కూడ పదునే. మూడింటను ఉన్న భావము ఒక్కటియే: ఎక్కువయు కాక, తక్కువయు కాక, పనికి తగినట్లుండుట.

కమ్మరి చేయు పనిని పరిశీలించినచో ఈ మాటలోని యుక్తి తెలియును. అతడు అలుగును ఎఱ్ఱగా కాచి నీటిలోనో నూనెలోనో ముంచును. ఉక్కు ఇంచుమించు 730 డిగ్రీల సెంటీగ్రేడు దాటినపుడు దానిలోని కర్బనము ఇనుములో లీనమగును. మెల్లగా చల్లారినచో ఆ కర్బనము వేరుపడి మెత్తని ఉక్కు వచ్చును. అకస్మాత్తుగా చల్లార్చినచో వేరుపడుటకు వ్యవధి లేక కర్బనము అందే చిక్కుపడును. అప్పుడేర్పడు కఠిన స్ఫటిక రూపమునకు జర్మను శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీదుగా మార్టెన్‌సైటు అని పేరు పెట్టిరి. అది మిక్కిలి కఠినము, కాని గాజువలె పెళుసు. అట్టి కత్తి క్రింద పడిన పగులును.

అందుచేత కమ్మరి రెండవమారు మెల్లగా కాచును. ఇచ్చట ఉష్ణమాపకము అతని కన్నే. మెరుగు పెట్టిన ఉక్కుపై 220 డిగ్రీల ప్రాంతమున లేత గడ్డిరంగు, 240 వద్ద ముదురు గడ్డిరంగు, 260 వద్ద గోధుమవన్నె, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలము కనుపించును. ఉక్కుపై ఏర్పడు పలుచని ఆక్సైడు పొర మందమును బట్టి ఈ రంగులు మారుచుండును. నీటిపై నూనె రంగులు కనబడుటకు గల కారణమే దీనికిని కారణము. చాకునకు గడ్డిరంగు వద్ద ఆపవలెను. నీలము వచ్చువరకు కాచినచో అది స్ప్రింగునకు పనికి వచ్చును గాని అంచు నిలువదు. పుస్తకము చదువని కమ్మరి రంగులు చూచి 20 డిగ్రీల తేడాను పట్టగలిగెను. దీనిని విజ్ఞానము కాదనుట ఎట్లు?

సాన పట్టు విద్య

వాడియైన అంచు ఎందుకు కోయునో లెక్కవేసి చూతము. 2 సెంటీమీటర్ల అంచుపై ఒక కిలోగ్రాము బరువు మోపితి మనుకొందము. మొద్దుబారిన అంచు వెడల్పు మిల్లీమీటరులో పదవ వంతు అయినచో, చదరపు సెంటీమీటరునకు పడు ఒత్తిడి 50 కిలోగ్రాములు. బాగుగా నూరిన అంచు వెడల్పు మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అప్పుడు అదే బరువు చదరపు సెంటీమీటరునకు 5,000 కిలోగ్రాముల ఒత్తిడి నిచ్చును. చేతి బలము పెరుగలేదు. అంచు మాత్రమే సన్నగిలినది.

నూరు రాయి ఉక్కుకంటె గట్టిగా నుండవలెను. మోస్ కాఠిన్య మానమున పదును పెట్టిన ఉక్కు ఇంచుమించు 6 లేక 6.5. ఇసుకరాతిలోని స్ఫటికశిల 7. ఉత్తర కోస్తా కొండలలో విస్తారముగా నున్న రాతికి 1902లో వాకర్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఖోండులను కొండజాతి పేరు మీదుగా ఖోండలైటు అని పేరు పెట్టెను. అందు గార్నెట్టు రవ్వలు మెండు. వాటి కాఠిన్యము 6.5 నుండి 7.5 వరకు. ఆ కొండలు అరిగి ఏరుల ద్వారా సముద్రము చేరుటచేతనే భీమునిపట్టణము మొదలు శ్రీకాకుళము వరకు తీరపు ఇసుకలో ఎఱ్ఱని గార్నెట్టు చారలు కానవచ్చును. నేటి గరుకు కాగితములపై అంటించు ఖనిజములలో ఇదియు నొకటి.

అన్నింటిని మించినది కురువిందము. కాఠిన్యము 9. వజ్రము తరువాత ప్రకృతిలో ముఖ్యమైన గట్టి ఖనిజమిదియే. ఆంగ్లమునందలి కొరండమ్ అను మాట మన కురువింద, కురుందములనుండి పోయినదే. కురువిందపు పొడిని కరగిన లక్కలో కలిపి చక్రముగా చేసి, ఇరుసునకు బిగించి, తోలుపట్టీతో ముందునకు వెనుకకు లాగి త్రిప్పుట మన సానవాండ్ర పూర్వపద్ధతి. లక్క పట్టియుంచును, కురువిందము కోయును. అరిగిన రవ్వ రాలగనే లోపలి క్రొత్త రవ్వ బయటపడును. 1891లో అమెరికాలో అచిసన్ విద్యుత్ కొలిమిలో కార్బొరండమును తయారు చేసినపుడు మారినది రవ్వ మాత్రమే, సూత్రము మారలేదు.

ఇంటిలో చాకు నూరుకొనువారు మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది కోణము: అలుగు వెన్నును దాని వెడల్పులో మూడవ వంతు ఎత్తు లేపి యుంచినచో కోణము 20 డిగ్రీలకు దగ్గరగా నుండును. చివరివరకు ఆ ఎత్తు మారరాదు. రెండవది నీరు: రాతిపై నీరు రాలిన పొడిని కడిగివేయును, వేడిని హరించును. ఎండు చక్రముపై నిప్పురవ్వలు ఎగయునట్లు ఒత్తినచో అంచు నీలవర్ణము దాల్చును. అనగా కమ్మరి పెట్టిన పదును ఆ క్షణముననే పోయినదని అర్థము. మూడవది పొలుసు: ఒక ప్రక్క నూరగా రెండవ ప్రక్కకు మడత పడిన సన్నని లోహపు పొర. దానిని మెత్తని రాతిపైనను, పిదప తోలుపైనను తీసివేసిన గాని అంచు పూర్తి కాదు. మంగలి తోలుపట్టీపై కత్తిని ఆడించుట అందులకే.

కలము చాకు రాక

కాగితము వచ్చుటతో గంటము పని తగ్గెను, చాకు పని పెరిగెను. రెల్లు కలమును, ఈక కలమును మాటిమాటికి చెక్కుకొనవలసి యుండెను. ఆంగ్లేయులు చిన్న చాకును నేటికిని కలము చాకు అని పిలుచుట అందులకే. కంపెనీ కచేరీలలో పనిచేయు గుమాస్తాల బల్లలపై ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణపు చాకులు చేరినవి. ఈకలు పోయి ఉక్కు పాళీలు వచ్చిన పిదప పెన్సిళ్లు చెక్కు పని దానికి మిగిలెను. 1890-92 నడుమ మాక్సుమూలరు ఋగ్వేద ద్వితీయ ముద్రణము విజయనగర మహారాజు ఆనంద గజపతి ద్రవ్యసాహాయ్యముతో ఆక్స్‌ఫర్డులో అచ్చయినది. 1897లో గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము తొలిముద్రణము వెలువడినది. తాటియాకుల కాలము ముగిసినదనుటకు అదే పట్టణమునుండి ఇంతకంటె వేరు సాక్ష్యము లేల?

షెఫీల్డు చాకు కథలో మన దేశపు పాత్ర ఒకటి దాగియున్నది. మద్రాసు సివిలు ఉద్యోగిగా నుండిన జోసయ్య మార్షల్ హీత్ మన ఉక్కు తయారీని శ్రద్ధగా పరిశీలించి, 1830లో తమిళ తీరమున పరంగిపేటలో ఇనుప కర్మాగారము స్థాపించెను. పిమ్మట ఇంగ్లండు చేరి, మూసలో ఉక్కు కరగించునపుడు కొద్దిగా మాంగనీసు సమ్మేళనమును కలిపినచో చౌకరకపు ఇనుమునుండి కూడ మంచి ఉక్కు వచ్చునని కనుగొని 1839లో పేటెంటు పొందెను. ఇనుములోని గంధకము ఎఱ్ఱని కాకలో దానిని పగుల్చును. మాంగనీసు ఆ గంధకమును తనలోనికి లాగికొని, ప్రాణవాయువును కూడ తొలగించును. అట్టి ఉక్కు మెత్తని ఇనుముతో సులభముగా అతుకుకొనును. ఉక్కు అలుగునకు ఇనుప తోక అతికెడి కత్తుల పరిశ్రమకు ఇది వరము. షెఫీల్డులో ధరలు దిగివచ్చినవి. కాని కర్మాగారములవారు మాంగనీసు సమ్మేళనమునకు బదులు నల్లని ఆక్సైడును, బొగ్గును విడివిడిగా మూసలో వేసి, పేటెంటు తమకు వర్తింపదనిరి. వ్యాజ్యము ఏండ్ల తరబడి నడచి 1855లో ప్రభువుల సభలో హీత్ పక్షమునకు వ్యతిరేకముగా ముగిసెను. ఆ తీర్పునాటికి హీత్ జీవించియే లేడు.

మాంగనీసు అవసరము 1856 తరువాత బెస్సిమరు పద్ధతితో వేయింతలైనది. ఆ పద్ధతి విజయవంతమగుటకు రాబర్టు మషెట్ సూచించిన మాంగనీసు ఇనుమే కారణము. 1882లో షెఫీల్డు నివాసియైన హాడ్‌ఫీల్డు, మాంగనీసు నూటికి 12 పాళ్లకు పైగా కలిపి, కొట్టినకొలది గట్టిపడు విచిత్రమైన ఉక్కును కనిపెట్టెను. ఈ ఖనిజమునకై ప్రపంచమంతయు వెదకుచున్న కాలమున, భారతదేశములో మాంగనీసు త్రవ్వకము మొదలైనది ఎచ్చటనో కాదు, విజయనగర సంస్థానములోనే. 1890 దశకపు ఆరంభమున చీపురుపల్లి ప్రాంతమందలి కోడూరు, గర్భాం గనులనుండి ఖనిజము ఓడలకెక్కెను. కోడూరు పేరు మీదుగా ఫెర్మర్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఒక రాతికి కోడురైటు అని పేరు పెట్టెను. 1893-96 నడుమ తూర్పుతీరపు రైలుమార్గము పడినది. 1933లో విశాఖ రేవు ప్రారంభమైనది.

ఈ వరుసను ఒక్కసారి గమనింపుడు. మన మూస ఉక్కును చూచిన అధికారి ఇంగ్లండులో ఉక్కు పద్ధతిని మార్చెను. ఆ మార్పునకు అవసరమైన ఖనిజము మన నేలనుండి పోయెను. యంత్రములపై చౌకగా తయారైన ఉక్కు కడ్డీలు, చాకులు మన సంతలకు తిరిగి వచ్చెను. గ్రామపు ఇనుప కొలుములు ఆరిపోయెను. ఒక్కరి కుట్రవలన జరిగినది కాదిది. బొగ్గుకొరకు అడవులను నరుకవలసిన కొలిమి, వేల టన్నుల యంత్రపు కొలిమితో ధరలో పోటీ పడజాలలేదు. కమ్మరి మాత్రము మిగిలెను. అతడు పాత రైలు ముక్కలను, బండి కమ్మీలను కొని, కాచి, సాగగొట్టి కత్తులు చేయసాగెను. కాక, రంగు, పదును అను విద్య అతని చేతిలో నిలిచినది. లోహమును పుట్టించు విద్య పోయినది.

నిలుపుకొనవలసినది

1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము గ్రామకరణముల పదవులను రద్దు చేసినది. కాగితము వచ్చినప్పుడే పని మానిన గంటములు అంతవరకు కరణముల ఇండ్ల పెట్టెలలోనైన ఉండెడివి. ఆ కుటుంబములవారు క్రమముగా పట్టణములకు తరలిపోయినపుడు తాటియాకుల కట్టలను కొందరు గ్రంథాలయములకు ఇచ్చిరి. గంటమునకు, చాకునకు ఆ గౌరవము సులభముగా దక్కదు. పాత ఇనుము కొనువానికి అవి రెండు మూడు తులముల బరువు మాత్రమే. తాటియాకులోని వ్రాత ఎవరో ఒకరు నకలు తీసియుండవచ్చును. గంటము లోహమునకు నకలు లేదు. అది మన కొలిమిలో పుట్టినదో, షెఫీల్డు కడ్డీనుండి వచ్చినదో, ఎట్లు కాచిరో, ఎచ్చట అతికిరో చెప్పునది ఆ లోహపు సూక్ష్మనిర్మాణమే. కరగిన పిదప అది ఏమియు చెప్పదు.

ఇచ్చట పాత కత్తులను సేకరించువారికి ఒక సంకటము కలదు. త్రుప్పు పట్టిన కత్తి దొరకగనే దానిని తోమి, నూరి, తళతళలాడించవలెనని తోచును. సాన పట్టుట లోహమును అరగదీయుటయే యని పైన చూచితిమి. నూరిన ప్రతిసారియు అంచులో కొంత చరిత్ర రాలిపోవును. ఒక చాకు అలుగు నడుమ లోతుగా అరిగియున్నదనిన, దాని యజమాని ఎన్ని ఏండ్లు ఏ విధముగా నూరెనో ఆ వంపు చెప్పుచున్నది. దానిని సరిచేసినచో ఆ మాట మూగబోవును. కనుక సూత్రమిది: వాడుకొను కత్తిని నూరవలెను, దాచు కత్తిని నూరరాదు. ఆమ్లములతో త్రుప్పు తీయరాదు. నిప్పులో కాచరాదు, కాచినచో పాత కమ్మరి పెట్టిన పదును చెరిగిపోవును. మెత్తని గుడ్డతో ధూళి తుడిచి, తేలిక నూనె పలుచగా పూసి, తేమ తగులని చోట భద్రపరచవలెను.

కత్తిని మోయు విషయమున చట్టము నెరిగియుండుట మంచిది. 1959 ఆయుధ చట్టము క్రింద 1962లో ఏర్పడిన నియమావళి 9 అంగుళములకు మించిన పొడవు లేక 2 అంగుళములకు మించిన వెడల్పుగల కత్తులను ఆయుధములుగా ఎంచి, ఇంటిపనికి, వ్యవసాయమునకు, శాస్త్రీయ, పారిశ్రామిక పనులకు ఉద్దేశించిన వాటిని మినహాయించినది. 2016లో దాని స్థానమున క్రొత్త నియమావళి వచ్చినది. జానెడు చాకు నిషిద్ధము కాకపోయినను, పాఠశాలకు, సభలకు, విమానమునందు ప్రయాణికుల గదిలోనికి దానిని కొనిపోవుట తగదు. విద్యార్థులు దానిని ఇంటివద్దనే, పెద్దల సమక్షముననే పరిశీలింపవలెను.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు ఇందు చేయదగిన పని చాల కలదు. విజయనగరము, శ్రీకాకుళము జిల్లాలలోని ఏ గ్రామమునందైనను పూర్వపు కరణముల ఇండ్లు, పురోహితుల ఇండ్లు, కమ్మరి కొలుములు కొన్ని ఉండకపోవు. తరగతికి ఒక పుస్తకము పెట్టి, ఒక్కొక్క గంటమునకు, ఒక్కొక్క చాకునకు ఒక పుట కేటాయింపవచ్చును. పొడవు, బరువు, పిడి ఏ పదార్థముతో చేసినది, అలుగుపై ముద్ర ఉన్నదా, ఇంటివారు దానిని ఏ పేరుతో పిలుతురు, దేనికి వాడిరి అను వివరములు వ్రాసి ఛాయాచిత్రము అంటించిన చాలును. వస్తువును తీసికొనరానవసరము లేదు, అది ఇంటివారిదే. వృద్ధుడైన కమ్మరి ఏ రంగు చూచి కాక ఆపునో అడిగి, ఆ రంగు పేరును అతని మాటలలోనే వ్రాసికొనవలెను. ఆ పేరు పక్కన ఎన్ని డిగ్రీలో చేర్చు పని విద్యార్థిది.

అట్టి పుస్తకములు పది గ్రామములలో సిద్ధమైనచో, వాటిని దగ్గరచేర్చి చూడగల పరిశోధకుడు నేడో రేపో రాగలడు. అంతవరకు ఆ పాత అలుగు ఇనుము కొనువాని తక్కెడలో పడకుండ చూచుట, దానిని గుర్తుపట్టగల కన్నులను తరగతి గదిలో తయారు చేయుట మన చేతిలోని పని.